పిక్క మీద రాయి పడ్డట్టయింది: నరం ఎక్కిందా, కండ చిరిగిందా?

షటిల్_శీను | మార్చి 1, రాత్రి 9:52

అందరికీ నమస్తే. మియాపూర్‌ల ఉంట, వయసు 43, రోజంతా కూసుండి చేసే పని. ఆదివారం ఆదివారం షటిల్ ఆడుత. ఇయ్యాల పొద్దుగాల రెండో గేమ్‌ల నెట్ దగ్గర పడే డ్రాప్ అందుకుందామని ఎడమ కాలితోటి తన్ని ముందుకు ఉరికిన. ఎడమ పిక్క మీద ఎవడో ఎనుక నుంచి రాయి ఇసిరినట్టయింది. "టక్" అని సప్పుడు గూడ ఇనవడ్డది. ఎవడ్రా అని తిరిగి చూస్తే ఎవ్వడు లేడు!

అప్పటి నుంచి మడమ నేలకు ఆనిస్తలేను, మునివేళ్ల మీద కుంటుతున్న. మా అత్తమ్మ "నరం మీద నరం ఎక్కింది, ఆముదం కాగబెట్టి రుద్దితే దిగుతది" అంటున్నది. దోస్తులేమో "పట్టేసింది, మంచిగ సాగదియ్" అంటున్నరు. ఎవరి మాట ఇనాలె?

జిమ్_జగ్గు | మార్చి 1, రాత్రి 10:05

క్రాంప్ బ్రో అది. గోడకి చేతులు ఆనించి కాలు వెనక్కి సాగదియ్యి, ఫోమ్ రోలర్ ఉంటే దాని మీద పెట్టి గట్టిగా నలుపు. నీకు మెగ్నీషియం తక్కువై ఉంటది, రాత్రి ఒక టాబ్లెట్ వేస్కో. రెండ్రోజుల్లో కోర్టులో ఉంటావ్.

ఫిజియో_వనజ | మార్చి 1, రాత్రి 10:21

జగ్గు గారూ, ఆగండాగండి. శీను గారూ, ముందు ఆ ఆముదం గిన్నె పొయ్యి మీద నుంచి దించమనండి. రుద్దొద్దు, సాగదీయొద్దు.

పిక్క పట్టేస్తే ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. కండ రాయిలా గడ్డకట్టి, ప్రాణం పోయినట్టుండి, కొన్ని నిమిషాల్లో వదిలేస్తుంది. ఆ తర్వాత కాస్త సలుపు మిగులుతుందంతే. "టక్" మని చప్పుడు రావడం, వెనక నుంచి ఎవరో కొట్టినట్టు ఉండటం, పొద్దున తగిలింది రాత్రి దాకా మడమ ఆనించలేకపోవడం, ఇవి పట్టేసిన కాలు లక్షణాలు కావు. పిక్కలో పైకి కనిపించే పెద్ద కండ మోకాలి కింద రెండు పాయలుగా ఉంటుంది. అందులో లోపలి పాయ చిరిగినప్పుడు ఇలాగే చెబుతారు. నలభై దాటి, వారానికోసారి షటిల్, టెన్నిస్ ఆడేవాళ్లలో ఇది మామూలే. దీన్ని 'టెన్నిస్ లెగ్' అంటారు, షటిల్ ఆడినా సరే!

ఇప్పుడే ఒకటి చూడండి. మంచం మీద బోర్లా పడుకుని పాదాలు అంచు దాటి వేలాడేలా పెట్టండి. ఎవరినైనా మీ పిక్కను రెండు వైపులా మెల్లగా నొక్కమనండి. నొక్కగానే పాదం కిందికి, అంటే వేళ్లు దూరంగా వెళ్లేలా కదలాలి. మంచి కాలికి కూడా చేసి పోల్చుకోండి. కదలకపోతే మడమ పైన ఉండే లావు పట్టీ, అకిలీస్, తెగిందని అనుమానించాలి. అప్పుడు రేపటి దాకా ఆగొద్దు.

షటిల్_శీను | మార్చి 1, రాత్రి 10:40

మా ఆమె నొక్కి చూసింది. నొప్పికి నేను కేక పెట్టిన గనీ పాదం మాత్రం కదిలింది.

ఫిజియో_వనజ | మార్చి 1, రాత్రి 10:52

మంచిది. అయితే ఈ రాత్రికి: కాలు రెండు దిళ్ల మీద ఎత్తులో పెట్టుకోండి. ఐస్ లేకపోతే ఫ్రీజర్‌లో పెట్టిన పాల ప్యాకెట్ చాలు, తువ్వాల్లో చుట్టి 10, 15 నిమిషాలు. ఉత్త చర్మానికి తగిలించకండి. క్రేప్ బ్యాండేజ్ పాదం దగ్గర మొదలుపెట్టి మోకాలి కిందికి చుట్టుకుంటూ రండి, పై నుంచి కిందికి కాదు. వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా వదులు చేయండి. మొదటి రెండు మూడు రోజులు నాలుగు వద్దు: వేడి కాపడం, మసాజ్, పరుగు, మందు. మందంటే మాత్రలు కాదు, సీసాలోది.

రేపు ఆర్థోపెడిక్ డాక్టరుకి చూపించండి. నేను ఇక్కడ కూర్చుని మీ కాలు చూడలేను కదా.

తాతగారి_కర్ర | మార్చి 2, ఉదయం 6:15

అబ్బాయ్ శీనూ, మీ అత్తగారి తప్పేం లేదయ్యా. తప్పు మన భాషది. రక్తం పారేదీ నరమే, కబురు మోసేదీ నరమే, కండని ఎముకకి కట్టి ఉంచే తాడూ నరమే. మూడింటికీ ఒకటే పేరు పెట్టుకుని, దేనికి నొప్పొచ్చినా "నరం ఎక్కింది" అంటాం. నా 71 ఏళ్లలో ఎక్కిన నరాన్ని కళ్లారా చూసినవాడు నాకు తగల్లేదు.

మా రాజమండ్రిలో చిన్నప్పుడు నడుం కలుక్కుమంటే మందుల షాపుకెవరు వెళ్లేవారు? ఎదురుకాళ్లతో పుట్టినవాణ్ని పిలిచి తన్నించుకునేవాళ్లం. మా వీధిలో అలా పుట్టిన కుర్రాడొకడుండేవాడు. పొద్దున్నే వాడి గుమ్మం ముందు వంగిపోయిన పెద్దాళ్లంతా వరస. తన్నుకి ఒక అరటిపండు ఫీజు. మెడ పట్టేస్తే దిండు ఎండలో పడేసేవాళ్లం. దిండుకేం రోగమో!

బబుల్_బాధితుడు | మార్చి 2, ఉదయం 8:30

తాతగారూ నవ్వించకండి, నవ్వితే నొప్పి. నాది నడుం కేసు. వైజాగ్. నాలుగు రోజుల కింద 20 లీటర్ల నీళ్ల బబుల్ ఎత్తి డిస్పెన్సర్ మీద బోర్లించబోతూ నడుం పక్కకి తిప్పాను. కలుక్కుమంది. అలాగే వంగి నిలబడిపోయాను, బబుల్ వంటింటి నిండా. మూడు రోజులు మంచం దిగలేదు, ఇవాళ ఇంకా బిగుసుకుపోయింది. మందుల షాపతను కండ వదులు చేసే మాత్ర ఇచ్చాడు, వేసుకుంటే మత్తుగా ఉంటోంది. ఎక్స్‌రే తీయించాలా?

ఫిజియో_వనజ | మార్చి 2, మధ్యాహ్నం 1:10

బబుల్ గారూ (పేరు బాగుంది), మీరు చేసిన తప్పు బబుల్ ఎత్తడం కాదు, మూడు రోజులు పడుకోవడం. శీను గారి కాలికి నేను విశ్రాంతి చెప్పాను, మీ నడుముకి కదలమంటున్నాను, అయోమయంగా ఉంటుందని తెలుసు. అక్కడ కండ పోగులు తెగాయి, అవి అతుక్కోవడానికి కొన్ని రోజులు కావాలి. మీకు చాలావరకు కండలు భయపడి బిగుసుకున్నాయి. వెన్నుకి దెబ్బ తగులుతుందని శరీరం వేసుకున్న చెక్క కట్టులాంటిది అది. కదలకుండా పడుకున్నకొద్దీ ఆ భయం నిజమని ఒళ్లు నమ్ముతుంది.

నేల మీద చాప వేసుకుని వెల్లకిలా పడుకుని, పిక్కలు కుర్చీ మీద పెట్టండి, తుంటీ మోకాలూ రెండూ లంబకోణంలో ఉండేలా. పది నిమిషాలు ఊరికే ఊపిరి తీయండి. నడుం కాస్త వదిలాక లేచి ఇంట్లోనే ఐదు నిమిషాల నడక. గంటకోసారి ఇదే. మీకు వేడి కాపడం పెట్టొచ్చు, హాయిగా ఉంటుంది. మామూలు నడుం పట్టుకి మొదట్లో ఎక్స్‌రే వల్ల తేలేదేమీ ఉండదు, కండ అందులో కనపడదు.

కానీ మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, కూర్చునే చోట, తొడల మధ్య మొద్దుబారినా, కాలు బలం తగ్గి పాదం ఈడుస్తున్నా ఇంట్లో ఉండకండి. రాత్రయినా సరే పెద్దాసుపత్రికి.

మాత్ర సంగతి డాక్టరుని అడగండి. మన దగ్గర నొప్పి మాత్రతో కలిపి ఎక్కువగా రాసేది థయోకాల్చికోసైడ్. యూరప్ మందుల సంస్థ 2013లోనే దాన్ని నోటితో అయితే వారం మించి వాడొద్దంది, గర్భిణులకు అసలు వద్దంది. మన షాపుల్లో స్ట్రిప్పులకు స్ట్రిప్పులు అమ్ముతారు. మత్తుగా ఉంటే బండి నడపకండి. బీపీ, కిడ్నీ, కడుపులో పుండు ఉన్నవాళ్లు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు.

షటిల్_శీను | మార్చి 3, రాత్రి 8:15

అక్కా, తప్పు జరిగింది. నిన్న ఆఫీసుల పని పడి డాక్టరు దగ్గరికి పోలే. రాత్రి నేను పండుకున్నంక అత్తమ్మ ప్రేమకొద్దీ ఆముదం పెట్టి గంట సేపు పామింది. నాకు గూడ హాయిగనే అనిపించింది, వద్దనలే. పొద్దుగాల లేస్తే పిక్క రెండింతలు. ఇప్పుడు చీలమండ సుట్టూ నేరేడు పండు రంగుల కమిలింది. దెబ్బ తగిలింది పిక్కకైతే కింద మడమ కాడ నలుపు ఎందుకొచ్చింది? అక్కడ గూడ చిరిగిందా?

ఫిజియో_వనజ | మార్చి 3, రాత్రి 8:40

మడమ దగ్గర చిరగలేదు. పిక్కలో కారిన రక్తం కండల మధ్య సందుల్లోంచి కిందికి జారి అక్కడ చర్మం కింద చేరింది. నీళ్లు పల్లమెరుగు అన్నట్టు. నలుపు, తర్వాత ఆకుపచ్చ, ఆపై పసుపు, రెండు మూడు వారాల్లో పోతుంది. కొత్తగా అతుక్కోబోతున్న దాన్ని రుద్ది కదిపారు కాబట్టి వాపు పెరిగింది. అత్తమ్మగారిని ఏమీ అనకండి.

కానీ వాపు ఇంతుంటే రేపు కచ్చితంగా వెళ్లి డాప్లర్, అల్ట్రాసౌండ్ తీయించండి. పిక్క వాచి నొప్పి పెడితే కండ చిరగడం ఒక్కటే కారణం కాదు, లోపలి రక్తనాళంలో గడ్డ కట్టినా అచ్చం ఇలాగే ఉంటుంది. రెండూ కలిసి రావడం కూడా ఉంది.

డల్లాస్_డైరీ | మార్చి 4, ఉదయం 5:50

ఇది చదివి ఒక్కసారి గుండె ఆగింది. మా అమ్మ హైదరాబాద్ నుంచి వచ్చి ఐదు రోజులైంది. మొత్తం ప్రయాణం 24 గంటలు. బాత్రూమ్‌కి లేవాల్సి వస్తుందని నీళ్లు కూడా తాగలేదట. మొన్నటి నుంచి కుడి పిక్క పట్టేసింది అంటోంది. రోజూ బామ్ రాసి నేనే నొక్కుతున్నా. ఇప్పుడు చూస్తే కుడికాలు ఎడమకాలి కంటే లావుగా, వెచ్చగా ఉంది. అమ్మకి 66.

ఫిజియో_వనజ | మార్చి 4, ఉదయం 6:02

నొక్కడం ఇప్పుడే ఆపండి. పిక్క పట్టేస్తే రోజుల తరబడి ఒకటే కాలు వాచి వెచ్చగా ఉండదు. ఇవాళే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, విమాన ప్రయాణం సంగతి ముందే చెప్పండి. ఆయాసం, ఛాతీలో నొప్పి ఉంటే కారు తీయకుండా 911కి ఫోన్ చేయండి.

మిరప_తోట | మార్చి 4, మధ్యాహ్నం 2:30

గుంటూరు వైపు నుంచి. మిరపకాయ కోతలు నడుస్తున్నాయి. నిన్న కూలికొచ్చిన ఒకామెకి ఎండలో రెండు పిక్కలూ కొంకర్లు పోయినయ్, కడుపులో కూడా మెలితిప్పింది. పొద్దుటి నుంచి బిందెడు నీళ్లు తాగిందంట, మరి నీళ్లు తక్కువై కాదుగా? మేమందరం పాదం పట్టుకుని వేళ్లు పైకి లాగితే వదిలింది. అది తప్పా?

ఫిజియో_వనజ | మార్చి 4, సాయంత్రం 4:45

తప్పు కాదు, సరిగ్గా చేశారు. పట్టేసిన పిక్కకి అదే మందు: మోకాలు చాపి, పాదం వేళ్లు మోకాలి వైపు లాగి పట్టుకోవడం. చిరిగిన పిక్కకి అదే విషం. ఈ చర్చ మొత్తంలో నేను నానా తిప్పలూ పడి చెబుతున్నది ఇదొక్కటే.

ఆమెకి జరిగింది ఎండదెబ్బకి మొదటి మెట్టు. చెమటలో నీళ్లతో పాటు ఉప్పూ పోతుంది. ఉత్త నీళ్లే బిందెలకొద్దీ తాగితే ఒంట్లో ఉప్పు ఇంకా పలచబడుతుంది. నీడకి తీసుకెళ్లి ఓఆర్‌ఎస్ ఇవ్వండి. ప్యాకెట్ మీద ఎంత నీళ్లలో కలపమంటే అంతలోనే, పెద్ద ప్యాకెట్ అయితే లీటరు. సగం ప్యాకెట్ గ్లాసులో వేసి చిలకొద్దు. ఉప్పేసిన మజ్జిగా మంచిదే. డబ్బాల్లో తియ్యగా అమ్మేవి కొనకండి. వాటి మీద ఓఆర్‌ఎస్ అని రాయకూడదని 2025 అక్టోబరులో మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశం ఇచ్చింది. దాని కోసం హైదరాబాద్ పిల్లల డాక్టరు ఒకావిడ ఏళ్ల తరబడి పోరాడారు.

మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా, వాంతులవుతున్నా 108.

జిమ్_జగ్గు | మార్చి 4, రాత్రి 9:20

సరే అక్కా, శీను బ్రో విషయంలో నాది తప్పే. కానీ మెగ్నీషియం గురించి ఒప్పుకోను, ప్రపంచమంతా వాడుతోంది. ఇంకోటి, విదేశాల్లో అథ్లెట్లు క్రాంప్ వస్తే ఊరగాయ నీళ్లు తాగుతారు, ఒకటిన్నర నిమిషంలో పోతుంది. అంటే ఉప్పు తక్కువైనట్టేగా?

తాతగారి_కర్ర | మార్చి 4, రాత్రి 9:31

ఊరగాయ నీళ్లా! ఆవకాయ ఊట తాగమంటావా ఏంటి బాబూ? పిక్క సంగతేమో కానీ పొట్ట పట్టేస్తుంది.

ఫిజియో_వనజ | మార్చి 4, రాత్రి 10:04

తాతగారూ, వాళ్లది వెనిగర్‌లో ఊరిన దోసకాయ నీళ్లు, మన నూనె కారం ఊట కాదు. జగ్గు గారూ, మీరు చెప్పిన ఒకటిన్నర నిమిషం లెక్క 2010లో చేసిన ఒక ప్రయోగంలోది. దాని సంగతే తమాషా. తాగిన నీళ్లు పేగుల్లోంచి రక్తంలో కలవక ముందే పట్టు వదిలింది. రక్త పరీక్షలో ఉప్పేమీ పెరగలేదు. కాబట్టి ఉప్పు లోటు తీరడం కాదు, ఆ పుల్లదనం గొంతులో తగిలి, అక్కడి నుంచి వెళ్లిన కబురు కండని రెచ్చగొడుతున్న సంకేతాన్ని ఆపుతోందని అనుకుంటున్నారు. అలసిన కండకి వెన్నుపాము నుంచి "బిగించు" అనే మాట ఎక్కువై "వదులు" అనే మాట తగ్గడమే ఆటల్లో వచ్చే క్రాంప్‌కి కారణమన్నది 1997 నుంచి బలపడుతూ వచ్చిన వాదన. మిరపతోట గారి కూలీ కథ వేరు, రోజంతా ఎండలో చెమట. అక్కడ ఉప్పూ కారణమే.

మెగ్నీషియం మీద కాక్రేన్ అనే వైద్య పరిశోధకుల సంస్థ వాళ్లు 2020లో పరీక్షలన్నీ కలిపి చూశారు. పెద్దవాళ్ల కాలి పట్లకి పెద్దగా పనిచేయదని తేల్చారు. గర్భిణుల్లో ఫలితాలు అటూ ఇటూగా ఉన్నాయి. కిడ్నీ జబ్బున్నవాళ్లకి అది ప్రమాదం కూడా.

అనంతపురం_అమ్మాయి | మార్చి 5, ఉదయం 11:15

మా అమ్మకి రాత్రి రెండింటికి పిక్కలు పట్టుకుంటాయి, వారంలో నాలుగు రోజులు. లేచి "అయ్యో అయ్యో" అని నేల మీద కాలు కొట్టుకుంటుంది. షుగర్ ఉంది, కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటుంది. తెలిసినాయన క్వినైన్ వేస్తే పోతుందన్నాడు.

ఫిజియో_వనజ | మార్చి 5, మధ్యాహ్నం 3:20

క్వినైన్ వద్దమ్మా. కాళ్ల పట్లకి అది పనిచేసేది నిజమే, కానీ గుండె లయ తప్పడం, రక్తకణాలు పడిపోవడం లాంటి ప్రమాదాలున్నాయని అమెరికా మందుల సంస్థ 2006లోనే హెచ్చరించింది. మలేరియాకి ఉంచుకుందాం.

పడుకునే ముందు ఇలా చేయించు. గోడకి ఎదురుగా నిలబడి, ఒక కాలు వెనక్కి వేసి, మడమ నేలకి ఆనించి, మోకాలు వంచకుండా ముందుకి వాలాలి. పిక్కలో లాగుతున్నట్టు తెలియాలి, నొప్పి కాదు. అరనిమిషం, ఒక్కో కాలికి మూడు సార్లు. నెదర్లాండ్స్‌లో 55 దాటిన 80 మందితో 2012లో వచ్చిన పరీక్షలో ఆరు వారాలు పిక్క, తొడ వెనక సాగదీసినవాళ్లకి పట్టేయడం తగ్గింది. ఖర్చు లేదు, గోడ ఉంటే చాలు. పాదాల మీద బరువు దుప్పటి కప్పొద్దు, వేళ్లు కిందికి నొక్కుకుపోతాయి. కొలెస్ట్రాల్ మాత్రతో కండల నొప్పులు రావచ్చు, బీపీకి నీళ్లు పోయించే మాత్ర ఉంటే అదీ కారణం కావచ్చు. సొంతంగా ఆపొద్దు, డాక్టరుకి చెప్పండి.

డల్లాస్_డైరీ | మార్చి 5, సాయంత్రం 6:40

ఇంటికి వచ్చాం. మోకాలి వెనక రక్తనాళంలో గడ్డ. రక్తం పలచబడే మందు మొదలుపెట్టారు, ఊపిరితిత్తులకి వెళ్లలేదట. అమ్మ మాత్రం "పిక్క పడితే ఇంత ఆస్పత్రా, మన ఊళ్లో అయితే కొబ్బరినూనె రాసేవాళ్లం" అంటోంది. వనజ గారూ, ఏమని చెప్పను. బామ్ డబ్బా దాచేశాను.

ఫిజియో_వనజ | మార్చి 5, సాయంత్రం 7:05

అమ్మకి నమస్కారాలు. దాచడం మంచిదే. ఘాటుగా వాసనొచ్చే బామ్‌లలో మిథైల్ సాలిసిలేట్ ఉంటుంది, పలచబరిచే మందుల్లో వార్ఫరిన్ వాడేవాళ్లు దాన్ని ఎక్కువగా రాసుకుంటే రక్తస్రావం పెరగొచ్చు.

షటిల్_శీను | మార్చి 5, రాత్రి 9:30

స్కాన్ అయింది. గడ్డ ఏం లేదు. లోపలి పాయ కొంత చిరిగింది, రెండో గ్రేడ్ అన్నడు డాక్టరు. ఆరు నుంచి ఎనిమిది వారాలు. మా బామ్మర్ది పుత్తూరు పోయి కట్టు కట్టించుకోమంటున్నడు.

ఫిజియో_వనజ | మార్చి 5, రాత్రి 9:48

పుత్తూరు కట్టు ఎముకలకి పేరుపడింది, మీకు ఎముక విరగలేదు. వారాల తరబడి కదలకుండా కట్టేస్తే అతుకు గట్టిపడ్డా కండ చిక్కిపోతుంది. ఇప్పుడు చెప్పులో మడమ కింద కొంచెం ఎత్తు మెత్త పెట్టుకోండి, మడమ ఆనించగలుగుతారు. నొప్పి లేనంత వరకు పాదం పైకీ కిందికీ. వారం దాటాక కుర్చీలో కూర్చుని మడమలు ఎత్తడం. తర్వాత నిలబడి రెండు కాళ్లతో. ఆఖరికి ఒంటికాలి మీద. దెబ్బకి విశ్రాంతి, ఐస్, బిగువు కట్టు, ఎత్తులో పెట్టడం అనే నాలుగింటి ఇంగ్లీషు మొదటి అక్షరాలతో 'రైస్' అనే పదం పుట్టించిన డాక్టరు గేబ్ మిర్కిన్ కూడా 1978లో తానే చెప్పిన పూర్తి విశ్రాంతి, ఐస్ మీద తర్వాత మాట మార్చుకున్నాడు. ఐస్ నొప్పి తగ్గించడానికే, మాన్పడానికి కాదు.

బబుల్_బాధితుడు | మార్చి 12, ఉదయం 9:00

నేను నడుస్తున్నాను. నడుం ఎనభై శాతం తగ్గింది. బబుల్ ఇప్పుడు మా ఆవిడ ఎత్తుతోంది, ఇది తప్పని నాకు తెలుసు. కుళాయి ఉన్న స్టాండు ఆర్డరు పెట్టాను.

జిమ్_జగ్గు | మార్చి 20, రాత్రి 8:10

వనజక్కా, మా జిమ్‌లో కొత్త కుర్రాడు మొదటి రోజే 200 స్క్వాట్లు కొట్టాడు. ఇవాళ మూడో రోజు, తొడలు వాచి, మూత్రం డికాషన్ రంగులో వస్తోందట. ప్రొటీన్ ఎక్కువైందంటున్నారు.

ఫిజియో_వనజ | మార్చి 20, రాత్రి 8:13

ప్రొటీన్ కాదు. కండ కరిగి రక్తంలోకి వస్తోంది, కిడ్నీలు పోతాయి. బండెక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఇప్పుడే.

జిమ్_జగ్గు | మార్చి 21, ఉదయం 10:30

అడ్మిట్ చేశారు, సెలైన్ ఎక్కిస్తున్నారు. కండ దెబ్బతింటే పెరిగే సీకే అనే టెస్ట్ చాలా ఎక్కువ వచ్చిందట. రంగు కొంచెం తేలింది. థాంక్స్ అక్కా. ఇక నుంచి ఎవరికీ బ్రో సలహాలు ఇవ్వను (ఫోమ్ రోలర్ మాత్రం అమ్మను).

షటిల్_శీను | ఏప్రిల్ 19, రాత్రి 7:45

ఏడు వారాలైంది. నడక మామూలే, మెట్లు దిగుతుంటే గూడ నొప్పి లేదు. మా టీమోళ్లు ఆదివారం రమ్మంటున్నరు. పోవచ్చునా?

ఫిజియో_వనజ | ఏప్రిల్ 19, రాత్రి 8:20

గోడకి వేలు ఆనించి ఒంటికాలి మీద మడమ ఎత్తి దించండి. ఎత్తు తగ్గకుండా ఎన్నిసార్లు వస్తుందో రెండు కాళ్లకీ లెక్కపెట్టి రాయండి.

షటిల్_శీను | ఏప్రిల్ 19, రాత్రి 8:41

కుడి 25. ఎడమ 14. పదిహేనోసారి మడమ లేవలే, వణికింది.

ఫిజియో_వనజ | ఏప్రిల్ 19, రాత్రి 8:50

అయితే ఆదివారం మీరు స్కోరు రాయండి. నొప్పి పోవడం వేరు, బలం రావడం వేరు. ఈ తేడా ఉండగా దూకితే అదే చోట మళ్లీ "టక్" మంటుంది. రోజు విడిచి రోజు, మూడు విడతలు. మడమ దించేటప్పుడు మూడు లెక్కపెట్టేంత నెమ్మదిగా.

తాతగారి_కర్ర | ఏప్రిల్ 20, ఉదయం 6:05

నేనూ చేసి చూశాను. 4. కర్ర పట్టుకుని 6.

షటిల్_శీను | మే 3, రాత్రి 9:10

ఎడమ 22. అత్తమ్మ పక్కన కూసొని లెక్కవెట్టింది. ఆమె లెక్కల 23 అట, ఒకటి నేను దొంగతనం చేసిన అంటున్నది. ఎల్లుండి మళ్ల చూస్త.